దిగువ లైను దాన్ని

కుట్టుమిషను వాయిదాల మీద ఇస్తున్నారని తెలిసి మొన్న శనివారం నేనూ మా ఆయనా కౌలాలంపూరులో ఒక కొట్టుకి వెళ్ళాం. ఏజెంటు మర్యాదస్తుడే. కుర్చీలు వేయించాడు. చక్రం నాచేత తిప్పించి చూపించాడు. మా ఆయనకి రైలు వర్క్‌షాపులో పని అంటే తల ఊపాడు. రైలు క్వార్టర్లలో కాపురం అంటే ఇంకా బాగా ఊపాడు. మనిషి పేరుకంటే ముందు ఇంటి ఆచూకీ రాసుకోవడం చూసి నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు పూర్తికాకుండానే ఇంకో ప్రశ్న వేశాడు.

"క్వార్టర్లకి ఈమధ్యే వచ్చారన్నారు. అంతకుముందు ఎక్కడుండేవారు?"

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. నాకు మాత్రం ఉన్నట్టుండి రబ్బరు పొగ వాసన వచ్చింది. ఆ కొట్టులో పొయ్యీ లేదు, పొగా లేదు. ఆ వాసన మా అత్తది.

అత్త అంటే మా ఆయన తల్లి కాదు, ఆవిడ పోయాకే నేను కాపురానికి వచ్చాను. కౌలా సెలంగోర్‌కి ఎగువన ఏటి పక్క రబ్బరు తోటలో మా గదిని ఆనుకుని ఉన్న గది ఈమెది. పెళ్ళై వచ్చిన కోడళ్ళందరికీ అత్త, పిల్లలందరికీ మామ్మ. పేరు ఉండే ఉంటుంది, తోట దొరగారి పుస్తకంలో రాసే ఉంటారు. నాకు ఆమెను పేరుతో తలచుకోవడం చేతకాదు.

పొగగదిలో ఆమె పని. రబ్బరు షీట్లను బొంగుల మీద వేలాడదీసి కింద కట్టెలు రాజేసి పొగ పట్టిస్తారు. మంట ఆరకూడదు, ఎగసిపడకూడదు. ఏళ్ళ తరబడి ఆ పొగలో ఉండి ఆమె కళ్ళు ఎర్రగా ఉండేవి. కొత్తగా వచ్చినవాళ్ళు ఏడుస్తోందనుకుని ఓదార్చబోయేవారు. "ఏడవడానికి నాకేటి పని నేదా?" అని వాళ్ళని తరిమేది. చీరకి, జుట్టుకి, తమలపాకు సంచికి, చివరికి ఆమె పెట్టిన గంజికి కూడా ఆ పొగ వాసనే. రాక ముందే వాసన వచ్చేది, వెళ్ళాక కాసేపు ఉండేది.

ఎవరైనా నువ్వెవరని అడిగితే ఆమె పేరు చెప్పేది కాదు. "దిగువ లైను దాన్ని" అనేది. ఆసుపత్రిలో మందులిచ్చే డ్రెస్సరు అడిగినా అదే, పోలీసు అడిగినా అదే. ఎగువన గుట్ట మీద మారెమ్మ గుడి ఉండేది. అక్కడ కొబ్బరికాయ కొట్టి, పూజారికి వినపడేలా అమ్మవారితో కూడా, "దిగువ లైను నుంచి వొచ్చినాను తల్లీ, గుర్తెట్టుకో. ఎగువోళ్ళ ఖాతాలో రాసేత్తావేమో" అని హెచ్చరించేది.

ఆ హెచ్చరిక ఎందుకో తెలియాలంటే మా తోట సంగతి చెప్పాలి. కూలీల ఇళ్ళు రెండు వరసలు. ఎగువ లైను గుట్ట మీద, రోడ్డు పక్కన. పలకల గదులు, రేకు కప్పు, ప్రతి తలుపు మీదా తారుతో నంబరు. దిగువ లైను చిత్తడి అంచున. ఆకు కప్పు, వానాకాలం గడప దాకా నీళ్ళు, ఏడాది పొడుగునా దోమలు. చేసే పని ఒకటే, కూలి ఒకటే. కానీ కౌలా సెలంగోర్ బజారులో కొట్టు మెట్టెక్కగానే ముదలాళి, అంటే అరవ షావుకారు, అడిగే మొదటి మాట, "ఎంద లైను?" ఏ లైను అని. ఎగువ లైను అంటే ఎండుచేపా కిరసనాయిలూ సబ్బూ అప్పుమీద కొలిచేవాడు. దిగువ లైను అంటే, "అప్పు ఇల్లె అమ్మా" అని చేతులు దులిపేవాడు. దిగువ లైనువాళ్ళు జ్వరం వచ్చి పోతారు, పోనివాళ్ళు తోట వదిలి పారిపోతారు, ఎలా పోయినా తన బాకీ పోతుందని అతని లెక్క. బజారంతటికీ అదే లెక్క. మనిషి ఎలాంటివాడో ఎవడికీ అక్కర్లేదు, తల పెట్టుకుని పడుకునే చోటు చాలు.

మావాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? ఒకడెవడో కొట్లో నిలబడి, "ఎగువ లైను, ఆరో నంబరు" అన్నాడు. పని జరిగింది. ఇంటికొచ్చి ఆ రహస్యం పక్కవాడికి చెప్పాడు. వాడికీ జరిగింది. తలుపు మీది నంబరులోనే అప్పు ఉందని మావాళ్ళకి నమ్మకం కుదిరిపోయింది. వేరే నంబరు చెబితే పారదేమోనని భయపడి అందరూ ఆ ఒక్క నంబరే చెప్పారు. ముదలాళి పుస్తకం ప్రకారం దిగువ లైనులో సగం ఆ ఆరో నంబరు గదిలోనే కాపురం పెట్టింది. మా ఆయన కూడా అందులోనే ఉన్నాడు. నేను చెప్పానని ఆయనకి కోపం వస్తే రానివ్వండి.

ఒకనాడు ముదలాళి బాకీ వసూలుకని సైకిలు మీద గుట్టెక్కాడు. ఆరో నంబరులో ఉండేది ఒంటరి ముసలి కాపలాదారు. ముదలాళి పద్దు చదవడం మొదలుపెట్టాడు. ఎండుచేపలు, సబ్బులు, ఉయ్యాల గుడ్డ, గాజులు. ముసలాయన నోరు తెరుచుకుని విని, "గాజులేటి బాబూ! నాకా?" అని తన బోసి మణికట్లు చూసుకున్నాడట. ఏడాదిపాటు తోటలో ఎవరు కనబడినా, "తాతా, గాజులు బాగున్నాయి" అని ఆయన్ని ఏడిపించారు.

నవ్వు నవ్వే గానీ, ఆనాటితో దిగువ లైనుకి బజారు తలుపు గట్టిగా మూసుకుంది. ఇదివరకు చచ్చేవాళ్ళ లైను, ఇప్పుడు అబద్ధాలకోర్ల లైను.

ఆరో నంబరు చెప్పని మనిషి మా అత్త ఒక్కతే. దాని వల్ల ఆమెకి ఒరిగిందేమీ లేదు. అబద్ధమాడినవాళ్ళతోపాటే ఆమెకూ లేదన్నారు. అయినా జీతాలిచ్చిన ఆదివారమల్లా బజారుకి బయల్దేరేది. ఊరి మొదట్లో కల్వర్టు దగ్గర కాళ్ళు కడుక్కుని, మూటలోంచి వెండి కడియాలు తీసి తొడుక్కుని, కొట్టు మెట్ల మధ్యన నిలబడేది. పక్కకి జరగమంటే జరిగేది కాదు. చేతిలో ఉన్న డబ్బుకి ముందు ఉప్పో మిరపకాయలో కొనేది. కొన్నాక అడిగేది.

"ఏటి ముదలాళీ, అప్పిత్తావా?"

"ఎంద లైను?" ఆమె ఎవరో అతనికి తెలుసు. తెలిసీ అడిగేవాడు.

"దిగువ లైను. సిత్తడి పక్క గది."

"ఇల్లె అమ్మా."

"సరే. వొచ్చే నెల అడుగుతాను."

నాకు ఒళ్ళు మండేది. లేదంటాడని తెలిసి అంతదూరం నడిచి వెళ్ళి అడగడమేమిటి, సిగ్గులేదా అని ఒకసారి అననే అన్నాను. అత్త తమలపాకుకి సున్నం రాస్తూ, "అడగడం నా పని. నేదనడం ఆడి పని. నా పని నాను మానేత్తే ఆడి పని సులువైపోద్ది గుంటా" అంది. అప్పట్లో ఆ మాట నాకు మొండితనంలా వినిపించింది తప్ప మరోలా వినిపించలేదు.

ఆ తర్వాత రబ్బరు ధర పడిపోయింది. వారంలో సగం రోజులు పని లేదు. సరిగ్గా అప్పుడే నాకు నెలలు నిండాయి.

మన ఉత్తరాంధ్ర వాళ్ళకి బాలింత అంటే కాయం. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, వాము, వెల్లుల్లి దంచి, బెల్లం పాకంలో నువ్వులనూనె పోసి ఉడికించి, పొద్దున్నే ముద్ద మింగించాలి. అది తినని బాలింతకి వాతం కమ్ముతుందనీ ఒళ్ళు చల్లబడుతుందనీ సముద్రం దాటొచ్చినా మనవాళ్ళు మరవలేదు. ఆ ముందు ఏడాది మా లైనులోనే ఒకామె కాయం లేక, కన్న కొద్దిరోజులకే జ్వరంతో పోయింది. జ్వరం చిత్తడి వల్లో, కాయం లేకో ఎవరికి తెలుసు? నాకు మాత్రం కాయం లేకపోతే నేనూ పోతానని గట్టిగా అనిపించింది. రాత్రీ పగలూ అదే భయం. ఇంట్లో కొనడానికి సెంటు లేదు.

"నాను తెత్తాను" అని అత్త కడియాలు మూటకట్టుకుని బయల్దేరింది.

సాయంత్రానికి తిరిగొచ్చింది. గంప ఖాళీగా ఉంది. వాకిట్లో నిలబడే చెప్పింది.

"ఇచ్చినాడు గుంటా. నానే తేనేదు."

నాకు అర్థం కాలేదు. అత్త గడప మీద కూర్చుని జరిగింది చెప్పింది. కాయం సరుకులని వినగానే ముదలాళి మెత్తబడ్డాడట. అతని కూతురు కూడా అప్పుడే ప్రసవించి ఉందట. తనే శొంఠి నుంచి బెల్లం దాకా అన్నీ కట్టి గంపలో పెట్టాడు. పెట్టి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "నీకొక్కదానికి ఇస్తున్నానమ్మా. పుస్తకంలో ఎగువ లైనని రాస్తాను. ఎవరైనా అడిగితే నువ్వూ అదే చెప్పు. దిగువ లైనుకి ఇచ్చానని తెలిస్తే అందరూ వచ్చి పడతారు."

"అప్పుడేటి సేసినావు?"

"తీసి బల్ల మీదెట్టేసినాను. నానున్న సోటు నా నోటితో సెరిపేసుకోమంతాడేటి? మందు కోసం లైనుని అమ్ముకుంతానేటి?"

గంపలో పడిన ప్రాణాన్ని తీసి బల్ల మీద పెట్టేసి వచ్చింది ఈ మనిషి. "నీ పంతానికి నా పేణం అడ్డెట్టినావా అత్తా?" అని అరిచాను. "ఒక్క అబద్ధమాడితే నీ సొమ్మేటి పోయింది? నీ కడుపున పుట్టిందాన్నైతే ఇలాగే సేత్తువా?" ఇంకా చాలా అన్నాను. ఆ మాటలన్నీ అన్నందుకు నేనిప్పటికీ నొచ్చుకోను. ప్రాణం నాది.

అత్త అన్నీ విని లేచి, "నీకేటీ కాదు. నానున్నాను" అంది. ఖాళీ గంప అలాగే చంకన పెట్టుకుని, ఈసారి బజారు వైపు కాకుండా చిత్తడి వైపు నడిచింది.

చిత్తడికి అవతల ఒక మలాయి ఊరు ఉండేది. మా లైను నుంచి చూస్తే కొబ్బరి తలలు, వాళ్ళ పొయ్యిల పొగ కనిపించేవి. ఎగువ లైను నుంచి ఏమీ కనిపించదు, గుట్ట అడ్డం. ఆ ఊళ్ళో ఒక పెద్దామె ఉండేది, అందరూ మాక్‌చిక్ అనేవారు, అంటే పిన్నమ్మ లాంటి పిలుపు. అత్తకి ఆమెతో మాట కలిసింది ఎప్పుడో, ఎలాగో తెలియదు. ఒకరికొకరి భాష పూర్తిగా రాదు. అత్త వెళ్ళి తన పొట్ట మీద చెయ్యి గుండ్రంగా తిప్పి, మా గది వైపు వేలు చూపించిందట. ఆమె లోపలికెళ్ళి అల్లం తవ్వి తెచ్చింది. పాకిన మిరియాల తీగ నుంచి గుత్తులు కోసింది. ఏటి ఒడ్డున పెరిగే నీపా చెట్టు కల్లు కాచి వాళ్ళు బెల్లం చేసుకుంటారు, ఆ బెల్లం అచ్చులు ఇచ్చింది. నూనె కొబ్బరినూనె. అత్త డబ్బు లేదని కొంగు దులిపి చూపిస్తే, "ఆంబిల్ లా, ఆంబిల్" అని గంప ఆమె తలకెత్తింది. తీసుకో, తీసుకో అని. ఆ 'లా' అక్కడివాళ్ళ మాటకి తోక, మాకూ అంటుకుంది.

"ఏ లైనని అడగనేదా?" అన్నాను, కోపం సగం దిగి.

"అడగడమెందుకు? మన పొగ ఆలకి రోజూ అగుపడతాది. ఎక్కడికి పోతాం?"

ఆ మాట నేను చాలాసార్లు తలచుకున్నాను. చిత్తడి పక్కన ఉన్నందుకు బజారువాడు మమ్మల్ని నమ్మలేదు. అదే చిత్తడి పక్కన ఉన్నందుకు ఈమె నమ్మింది.

అల్లం పచ్చిది, శొంఠి కావాలంటే ఎండాలి. వానలు. అత్త దాన్ని సన్నగా కోసి, దారానికి గుచ్చి, పొగగదిలో రబ్బరు షీట్ల మధ్య వేలాడదీసింది. తనిఖీకి వచ్చిన కిరాణీ, అంటే తోట గుమాస్తా, ఆ దండలు చూసి ఇవేమిటని గద్దించాడు. "దిగువ లైను షీట్లు బాబూ. చిన్న సైజు" అంది అత్త. అతను ముక్కు మూసుకుని వెళ్ళిపోయాడు.

నాకు ఆడపిల్ల పుట్టింది. పురుడు కూడా అత్తే పోసింది. మూడోనాడు కాయం ముద్ద నోట్లో పెట్టింది. ఇన్నేళ్ళలో అంత పాడు రుచి నేను ఎరగను. పిప్పళ్ళు లేవు, వాము లేదు, మిరియాలు నాలుక కోసేశాయి, బెల్లం ఉప్పగా ఉంది, అన్నిటికీ మించి రబ్బరు పొగ కంపు. ఉమ్మేయబోతే అత్త నా దవడ పట్టుకుని మింగించింది. "మింగు. ఇది ఎవుడికీ అబద్ధమాడకుండా వొచ్చిన కాయం" అంది. మింగాను. ఏడ్చాను కూడా. బతికాను.

ఆ బాకీ మేం నీపా ఆకుతో తీర్చాం. లేవగలిగాక నేనూ అత్తతో అవతలి ఊరు వెళ్ళి, ఆకు మడిచి బద్దతో కుట్టి ఇంటి కప్పులు తయారుచేశాను. నేను మొదట కుట్టింది గుడ్డ కాదు, నీపా ఆకు.

పిల్లకి మూడో నెల వచ్చాక, జీతాల ఆదివారం అత్త నన్నూ పిల్లనీ బజారుకి తీసుకెళ్ళింది. కల్వర్టు దగ్గర కాళ్ళు కడుక్కుంది, కడియాలు తొడుక్కుంది, నా చేత కూడా కాళ్ళు కడిగించింది. మెట్ల మధ్యన నిలబడ్డాం. ముదలాళి పిల్లని చూశాడు, నన్ను చూశాడు.

"కాయం ఎక్కడ దొరికిందమ్మా?"

"మా లైను పక్కనే. ఆలు లైను అడగనేదు."

అతని మొహం వాడిపోయింది. చెడ్డవాడు కాదు. సీసాలోంచి పటికబెల్లం ముక్క తీసి పిల్ల గుప్పిట్లో పెట్టబోయాడు. అత్త మధ్యలో చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది అప్పా, ఊరికేనా?"

"ఊరికేనమ్మా. పిల్లకి."

"ఊరికేదైతే ఒద్దు. అప్పుగా రాసుకో."

"ఒక్క బెల్లం ముక్కకి పద్దేమిటి?"

"రాసుకో. దిగువ లైనని రాసుకో."

కొట్టులో ఉన్నవాళ్ళు నవ్వారు. ముదలాళి కూడా నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. ఎర్రటి కళ్ళు రెప్ప వెయ్యలేదు. అతను పుస్తకం లాక్కుని కలం ముంచి రాశాడు. అత్తకి చదువు రాదు. మా నాన్న ఇంకో తోటలో బడి పంతులు కాబట్టి నాకు తెలుగుతోపాటు కాస్త అరవం వచ్చు. "ఏటి రాసినాడో సదువు" అంది. చదివాను. దిగువ లైను, పటికబెల్లం, ఒక సెంటు. అప్పుడు చెయ్యి తీసింది. నేను ఆ ముక్క పిల్ల పెదాలకి అద్దాను. నాకు అక్కడే కొట్టులో గట్టిగా అరవాలనిపించింది, అంత సంతోషం వేసింది.

మరుసటి నెల ఆ సెంటు తీర్చడానికి లైనులో సగంమంది ఆమె వెంట వెళ్ళారు.

ఆనాటి నుంచి ముదలాళి దిగువ లైనుకి అప్పు తెరిచేశాడని రాస్తే బాగుంటుంది. తెరవలేదు. అత్త పక్కన నిలబడితే ఇచ్చేవాడు, లేకపోతే లేదు. అందుకని ఆమె ప్రతివాళ్ళ పక్కనా నిలబడింది. ఆదివారాలన్నీ అలాగే అయిపోయాయి. చివరికి ఆ చిత్తడి జ్వరమే ఆమెనూ తీసుకుపోయింది. మేం అప్పటికి తోట వదిలాం, నేను చూడలేదు. అవతలి ఊరి మాక్‌చిక్ వచ్చి రాత్రంతా కూర్చుందని విన్నాను.

ఇదంతా కుట్టుమిషను కొట్టులో, మా ఆయన గొంతు సవరించుకునేంతలో నా కళ్ళ ముందు తిరిగింది. ఆయన సవరించుకుని, "కౌలా సెలంగోర్ బజారులో ఉండేవాళ్ళం" అన్నాడు. ఇన్నేళ్ళయినా ఆరో నంబరు గది ఆయన్ని వదల్లేదు.

ఏజెంటు రాయబోయాడు.

"ఆగండి" అన్నాను. "బజారు కాదు. రబ్బరు తోట. దిగువ లైను. చిత్తడి పక్క గది."

ఏజెంటు చెయ్యి ఆగింది. మా ఆయన వంక చూశాడు, నా వంక చూశాడు. తోట లైన్ల వాళ్ళకి ఇవ్వడం మా కంపెనీలో లేదమ్మా అన్నాడు. ఇప్పుడు క్వార్టర్లలోనే ఉన్నాం కదా అన్నాను. పైవాళ్ళని అడగాలన్నాడు. అడగమన్నాను. పుస్తకం మూసి, ఈ నెలకి కుదరదన్నాడు. మిషను చక్రం ఒకసారి మళ్ళీ తిప్పి చూసి లేచాను.

రోడ్డు మీదికొచ్చాక మా ఆయన కోపమంతా కక్కాడు. "నువ్వు నోరు మూసుకుని కూకుంతే మిసను ఈపాటికి ఇంట్లో ఉండును లా!"

"జీతాలిచ్చినాక మళ్ళీ ఎల్దాం."

"మళ్ళీ నేదంతాడు."

"అననీ" అన్నాను. "అది ఆడి పని."